కిలోకు నిమిషం, ముల్లుకు పావుగంట: సైకిలు విడిభాగాల బరువు, మన్నికల లెక్క

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకుకు సైకిలు మీద వెళ్లాలనుకునేవారి మధ్య బయలుదేరడానికి వారం ముందు నుంచే ఒక చర్చ మొదలవుతుంది: ఏ భాగం మారిస్తే ఎన్ని గ్రాములు తగ్గుతాయి? సీటు కింది గొట్టం మారిస్తే వంద గ్రాములు, టైర్లు మారిస్తే రెండు మూడు వందలు, చక్రాలే మార్చేస్తే అరకిలో. తూకం మీద పెట్టగానే తెలిసిపోయే అంకెలు కాబట్టి వాటి గురించి వాదించుకోవడం సులువు. మన్నిక అలా తూకానికి దొరికేది కాదు. అది ఏ రెండేళ్లకో, ఊరికి నలభై కిలోమీటర్ల అవతల, 'టంగ్'మన్న ఒక చిన్న చప్పుడుతో బయటపడుతుంది. కొనే రోజున కళ్లెదుట ఉన్న అంకెకూ, కొన్నాక ఎప్పుడో రాబోయే సంఘటనకూ మధ్య బేరం కుదుర్చుకోవలసి రావడమే ఇక్కడి అసలు చిక్కు.

లెక్క తేలిక గనుక ముందు బరువు సంగతి తేల్చుకుందాం. సముద్రమట్టం నుంచి అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. ఒక కిలో బరువును అంత ఎత్తుకు చేర్చాలంటే 9.8ని 900తో గుణిస్తే వచ్చే 8,820 జౌళ్ల శక్తి కావాలి. ఓ మోస్తరు సాధన ఉన్న మనిషి నిలకడగా 150 వాట్లు, అంటే సెకనుకు 150 జౌళ్ల చొప్పున తొక్కగలడనుకుంటే, ఆ కిలో ఖరీదు 59 సెకన్లు. మనిషి, సైకిలు, నీళ్లు, సామాను అన్నీ కలిపి 85 కిలోలైతే ఆ ఎత్తు ఎక్కడానికి గంటన్నర దాకా పడుతుంది. వేలకు వేలు పోసి కిలో తగ్గించుకున్నవారికి ఆ గంటన్నరలో మిగిలేది ఒక్క నిమిషం. చదును రోడ్డు మీద అదీ మిగలదు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నప్పుడు ఒక కిలో అదనపు బరువు టైర్ల దగ్గర తినేది సుమారు మూడో వంతు వాట్ మాత్రమే. అదే వేగంలో గాలిని తోసుకుంటూ పోవడానికే ఎనభై, తొంభై వాట్లు ఖర్చవుతాయి.

చక్రాల బరువుకు మాత్రం ఈ లెక్క వర్తించదని, తిరిగే బరువు రెండింతలతో సమానమని చాలామంది అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, కానీ అది వేగం పుంజుకునే క్షణాలకు మాత్రమే వర్తించే నిజం. రిమ్ము, టైరు దగ్గర 200 గ్రాములు తగ్గించామనుకుందాం. నిలిచిన చోటు నుంచి 25 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెండింతల లెక్క వేసినా ఆదా అయ్యేది పది జౌళ్లు. 150 వాట్లు తొక్కేవారికి అది సెకనులో పదో వంతు కూడా కాదు. వేగం అందుకున్నాక ఆ ప్రత్యేకత ఉండదు, ఘాట్ ఎక్కేటప్పుడు చక్రంలోని గ్రాము, జేబులోని గ్రాము ఒకటే. గుంపులో నుంచి పదేపదే దూసుకుపోవలసిన పందెగాళ్లకు ఆ తేడా తెలుస్తుందేమో గాని, మిగతావారికి తెలిసే అవకాశం లేదు.

ఇప్పుడు తక్కెడలో రెండో వైపు చూద్దాం. పల్లేరు కాయను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఎండిన కాయ ముక్కలుగా విడిపోతుంది; ప్రతి ముక్కకూ రెండు పెద్ద ముళ్లు ఉంటాయి, ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలుస్తుంది. రోడ్డు అంచున సైకిలు పక్కకు దించిన మరుక్షణం అది టైరులో దిగుతుంది. చక్రం విప్పి, లోపల వేలితో తడిమి ముల్లు వెతికి తీసి, ట్యూబు మార్చి, చేతి పంపుతో గాలి కొట్టి మళ్లీ బిగించేసరికి చేయి తిరిగినవారికే పావుగంట. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు ఎక్కించినవారికి ఇంకో పావుగంట. అంటే ఒక్క పంక్చరు, ఘాట్ రోడ్డు లెక్కలో, పదిహేను కిలోల బరువుతో సమానం. ఈ పోలికలో కాస్త అతిశయం ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే పంక్చరు ప్రతి సవారీలోనూ కాదు, బరువు మాత్రం ప్రతిసారీ మోయాలి. అయినా రెండు వైపులనూ ఒకే కొలతలోకి, అంటే నిమిషాల్లోకి, మార్చుకుంటే తప్ప ఈ చర్చ ముందుకు సాగదు.

టైరు విషయంలోనే ఇంకో మెలిక ఉంది. ముళ్లను ఆపడానికి మందపాటి రబ్బరు పొర వేసిన టైరు, పందెపు టైరు కంటే ఒక్కొక్కటి అరకిలో దాకా ఎక్కువ తూగవచ్చు. రెండు టైర్లకు కిలో. ఆ కిలో వల్ల పోయేది నిమిషమేనని పైన అనుకున్నాం. కానీ మందపాటి రబ్బరు ప్రతి చుట్టులోనూ నేలకు ఆనిన చోట నొక్కుకుని, మళ్లీ లేస్తూ శక్తిని వేడిగా మార్చేస్తుంది; ఈ కారణంగా ఒక్కో టైరు దగ్గర పది వాట్లకు పైగా తేడా రావచ్చు. 150 వాట్లు తొక్కే మనిషికి రెండు చక్రాల మీద ఇరవై వాట్లు పోవడమంటే, అది ఒకటి రెండు నిమిషాలతో పోయే నష్టం కాదు. కనుక ఆ టైరును వద్దనుకోవలసి వస్తే అందుకు కారణం దాని బరువు కాదు, రబ్బరు మందం. తూకం మీది అంకె ఇక్కడ అసలు దోషిని వదిలేసి పక్కవాడిని పట్టిస్తోంది. నా మట్టుకు, మధ్యస్థంగా ఉండే 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు, తగినంత గాలి, సంచిలో రెండు ట్యూబులు అన్నది కుదురుగా ఉండే ఏర్పాటు.

మన్నిక వైపు వచ్చేసరికి గందరగోళానికి 'మన్నిక' అన్న మాటే కారణం. "గట్టిది, తేలికైనది, చవకైనది: వీటిలో ఏవైనా రెండు ఎంచుకోండి" అని అమెరికన్ సైకిలు నిర్మాత కీత్ బాంట్రేగర్ పేరిట ప్రచారంలో ఉన్న మాటను సైకిలు దుకాణాల్లో తరచు వింటాం. చక్కని మాటే, కానీ అందులోని 'గట్టి' అన్న ఒక్క పదం కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులు దాగి ఉన్నాయి: అరగకపోవడం, లోహం అలసిపోకపోవడం (అంటే పదేపదే పడే చిన్న ఒత్తిళ్లకు పగులు పుట్టకపోవడం), దెబ్బకు తట్టుకోవడం, తుప్పు పట్టకపోవడం. ఒక దాంట్లో మేటి అయిన భాగం ఇంకో దాంట్లో నాసి కావచ్చు. కార్బన్ ఫైబరుకు తుప్పు భయం లేదు, అలసట కూడా తక్కువే. కానీ రాతి మీద పడితే పైకి గీత మాత్రమే కనిపించి లోపలి పొరలు విడిపోవచ్చు. ఉక్కు దెబ్బకు సొట్టపోతుంది గాని ఠక్కున విరగదు. సముద్రపు గాలికి మాత్రం లోపలి నుంచి తినేసుకుంటుంది.

అరుగుదల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే నాలుగింటిలోనూ అదే నిజాయితీపరుడు, ముందే చెప్పి వస్తుంది. చైను 'సాగింది' అంటాం గాని నిజానికి ఏదీ సాగదు. లింకులను కలిపే పిన్నులు, వాటి చుట్టూ తిరిగే రంధ్రాలు అరిగి సందు పెరుగుతుంది. ఒక లింకు నుంచి ఇంకో లింకుకు 12.7 మిల్లీమీటర్లు కాబట్టి, 24 లింకుల పొడవు కొత్తలో 304.8 మిల్లీమీటర్లు ఉండాలి. అది మిల్లీమీటరున్నర పెరిగితే చైను మార్చే వేళయినట్టు; మూడు మిల్లీమీటర్లు పెరిగేదాకా లాగితే పళ్ల చక్రాలు కూడా దానికి తగ్గట్టు అరిగిపోయి, కొత్త చైనును నిలవనివ్వవు. పిన్నులకు బోలు పెట్టిన తేలిక చైను ఆదా చేసేది పది, ఇరవై గ్రాములు. వెనక పళ్ల చక్రాల్లో పెద్దవాటిని అల్యూమినియంతోనో టైటానియంతోనో చేస్తే వంద గ్రాములు తగ్గవచ్చు. ఉక్కు పళ్లు వాటి కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి, ధరా తక్కువే. రోజూ తొక్కేవారికి ఇక్కడ రెండో ఆలోచన అవసరం లేదని నా అభిప్రాయం.

చిక్కంతా అలసట దగ్గరే ఉంది. మూడేళ్ల కిందట నా వెనక చక్రంలో ఒక స్పోకు తెగింది. గుంత లేదు, దెబ్బ లేదు. చదునైన రోడ్డు మీద, తీరుబడిగా వెళుతుండగా తెగింది. తెగిన ముక్కను ఎండలోకి పట్టి చూశాను. చక్రం నడిమి హబ్బు రంధ్రం దగ్గర, వంకీ తిరిగే చోట తెగింది. రెండు మిల్లీమీటర్ల ఆ గుండ్రటి ముఖంలో ముప్పాతిక భాగం నున్నగా, నల్లబడి ఉంది, మిగిలిన పావు భాగం మాత్రం కల్లుప్పు విరిగినట్టు గరుకుగా తళతళలాడుతోంది. అంటే ఆ పగులు ఆ రోజు పుట్టింది కాదు. నెలల తరబడి వెంట్రుక వాసి చొప్పున లోపలికి పాకుతూ, గాలికీ చెమ్మకూ నల్లబడుతూ వచ్చి, మిగిలిన పావు భాగం మోయలేని రోజున చేతులెత్తేసింది.

చక్రం ఒక్కసారి తిరిగితే రెండు మీటర్ల పైచిలుకు దూరం పోతాం. ఐదు వేల కిలోమీటర్లకు దాదాపు 24 లక్షల చుట్లు. ప్రతి చుట్టులోనూ ప్రతి స్పోకు నేల వైపు వచ్చినప్పుడు కాస్త వదులై, పైకి వెళ్లగానే మళ్లీ బిగుసుకుంటుంది. ఒక్కసారి లాగితే తెగని కమ్మి ఇన్ని లక్షల సార్లు వదులవుతూ బిగుస్తూ ఉంటే తెగుతుందన్న సంగతిని 19వ శతాబ్దపు నడిమి దశాబ్దాల్లో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ప్రయోగాలు చేసి నిరూపించాడు. ఆ తెగిన ముక్క చూపించినప్పుడు మెకానిక్కు వెంటనే, "మందం కమ్మీలు వేసేద్దాం సార్, ఇక జన్మలో తెగవు" అన్నాడు. లావుదైతే గట్టిది అన్నది ఎవరికైనా తట్టే తర్కమే, కానీ స్పోకుల విషయంలో అది తలకిందులు. రెండు కొసలూ రెండు మిల్లీమీటర్లు ఉంచి, మధ్య భాగాన్ని 1.8కి సన్నం చేసిన స్పోకులు దొరుకుతాయి. అదే బిగువు దగ్గర సన్నటి నడుము ఎక్కువ సాగుతుంది. ఎక్కువ సాగి ఉన్న కమ్మి, రిమ్ము కాస్త లోపలికి నొక్కుకున్నా పూర్తిగా వదులైపోదు, పక్క స్పోకులు కూడా బరువులో తమ వంతు పంచుకుంటాయి, వంకీ దగ్గర కదలిక తగ్గుతుంది. 32 స్పోకుల చక్రానికి ముప్పై, నలభై గ్రాములు తగ్గుతాయి, ఆయువు పెరుగుతుంది. బరువు తగ్గితే మన్నిక పెరిగే అరుదైన చోటు ఇది. దీనికి తోడు, చక్రం కట్టడం బాగా తెలిసినవారు పని పూర్తయ్యాక స్పోకులను రెండేసి చొప్పున పిడికిట పట్టి గట్టిగా నొక్కుతారు. వంకీల దగ్గర మిగిలిపోయిన లోపలి ఒత్తిడి దాంతో సడలుతుంది. పైసా ఖర్చు లేని ఆ పని చేయని చక్రంలో ఎంత ఖరీదైన స్పోకులున్నా దండగే.

ఉక్కుకు ఇంకో సుగుణం ఉంది. ఒత్తిడి ఒక హద్దు దాటనంత కాలం అది ఎన్ని కోట్ల సార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. ఎంత చిన్న ఒత్తిడైనా లెక్కలో పడుతూనే ఉంటుంది. అలాగని అల్యూమినియం భాగాలన్నీ విరిగిపోతాయని కాదు. ఒత్తిడి బాగా తగ్గేలా మందంగా చేస్తే ఆ లెక్క నిండేలోపు మన తొక్కుడే ముగుస్తుంది. సాంద్రతలో అల్యూమినియం ఉక్కులో మూడో వంతు, 7.85కి 2.7; బిగువులోనూ ఇంచుమించు మూడో వంతే. కాబట్టి అల్యూమినియం ఫ్రేముల గొట్టాలను లావుగా చేస్తారు. ఆ లావు గొట్టపు గోడను మరీ పలచన చేసి గ్రాములు తగ్గించినప్పుడు తగ్గేది లోహం ఒక్కటే కాదు, ఆ లెక్కలో మన కోసం ఉంచిన మిగులు కూడా. అదే తూకం ఉన్న రెండు హ్యాండిళ్లలో ఒకటి పదేళ్లు, ఇంకొకటి రెండేళ్లు నిలవడానికి కారణం సాధారణంగా ఈ మిగులు ఎక్కడ ఉంచారు, ఎక్కడ గీకేశారు అన్నదే.

ఏది ఎలా చెడుతుందో తెలిశాక అడగవలసిన ప్రశ్న, చెడితే ఏమవుతుంది అన్నది. చైను అరిగితే డబ్బు పోతుంది. ట్యూబు పోతే సమయం పోతుంది. స్పోకు తెగితే చక్రం వంకర తిరుగుతుంది, ఎలాగో ఇల్లు చేరతాం. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు, హ్యాండిలు, ఆ హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్ము విరిగితే మాత్రం మూతి పళ్లు పోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ అనే పందెగాడు టూర్మలే కనుమ దిగుతుండగా అతని ఫోర్కు విరిగింది. బయటి సాయం తీసుకోకూడదన్నది ఆనాటి నియమం. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, సెయింట్-మరీ-ద-కాంపాన్ ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తన ఫోర్కు తానే అతుక్కున్నాడు. ఒక కుర్రాడు కొలిమి తిత్తి ఊదాడన్న నేరానికి నిర్వాహకులు అతనికి అదనంగా జరిమానా సమయం కూడా వేశారు. 2006 పారిస్-రూబే పందెంలో జార్జ్ హిన్‌కాపీ అనే పందెగాడి ఫోర్కు మెడ గొట్టం విరిగి హ్యాండిలు చేతుల్లోకి ఊడివచ్చింది. భుజానికి గాయమై పందెం అక్కడితో ముగిసింది. తొంభై మూడేళ్ల తేడా ఉన్న ఈ రెండు సంఘటనల్లోనూ విరిగింది ముందు భాగమే. అక్కడ గ్రాములు తగ్గించుకోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు.

పందెగాళ్లను చూసి భాగాలు ఎంచుకునేవారు ఇంకో సంగతి గమనించాలి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 సంవత్సరం నుంచి పందెపు సైకిలు 6.8 కిలోల కంటే తక్కువ తూగకూడదని నియమం పెట్టింది. ఆ అంకె చుట్టూనే దుకాణాల ప్రచారమంతా తిరుగుతుంది. కానీ ఆ సైకిలు వెనక ఒక కారు వస్తుంది, కారు మీద ఇంకా సైకిళ్లు ఉంటాయి, రాత్రికి దాన్ని విప్పి చూసే మెకానిక్కు ఉంటాడు. క్రిస్టోఫ్ కాలపు నియమం ఇప్పటికీ ఉండి ఉంటే ఆ భాగాలు అంత పలచగా ఉండేవి కావు. 40 గంటల్లో 600 కిలోమీటర్లు పూర్తి చేయవలసిన బ్రెవే సవారీలు మన దగ్గరా జరుగుతున్నాయి. వాటిలో సాయం సొంతంగానే చూసుకోవాలి, అర్ధరాత్రి ఏ జిల్లా రహదారి మీదో చెడిపోతే వెనక కారు రాదు. మండల కేంద్రంలోని సైకిలు షాపులో 26 అంగుళాల ట్యూబు, విడి బాల్స్, మామూలు చైను దొరుకుతాయి. సన్నటి టైరుకు సరిపడే ట్యూబు, పన్నెండు పళ్ల చక్రాల గేరుకు పట్టే చైను దొరకవు. అందుబాటు కూడా మన్నికలో ఒక భాగమే, ఏ పెట్టె మీదా అచ్చువేయని భాగం.

బరువు ఉంటే మన్నిక ఉంటుందన్న భ్రమకూ మనవద్ద కొదవ లేదు. పిల్లలకు కొనిపెట్టే చవక 'గేరు సైకిలు' ముందు భాగంలో స్ప్రింగుల ఫోర్కు ఒక్కటే రెండు కిలోల పైన తూగుతుంది. ఏడాది తిరిగేసరికి స్ప్రింగులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, బరువు మాత్రం నమ్మకంగా నిలిచి ఉంటుంది. దానికి భిన్నంగా, బియ్యం మూటలూ పాల క్యాన్లూ మోసిన మన పాత నల్ల సైకిలును చూడండి. ఇరవై కిలోలు ఉంటుంది నిజమే, కానీ దాని బరువులో ఆలోచన ఉంది: ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. మనిషీ, క్యారియరు మీది మూటా వెనకే ఉంటారు కాబట్టి ఇనుమూ అక్కడే ఎక్కువ పెట్టారు. నేటి దుకాణాల్లో జతగా అమ్మే చాలా చక్రాల్లో కనిపించని పొదుపు అది. మీరు ఎనభై కిలోలకు పైన ఉంటే వెనక చక్రానికి 32 స్పోకులకు తగ్గకుండా చూసుకుని, ముందు చక్రంలో 28కి దిగినా తప్పేమీ లేదు.

ఇక తుప్పు. విశాఖ తీరంలో ఉన్నవారికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే రోడ్డు మీది సముద్రపు గాలి కంటే మన ఒంటి మీది చెమట ఎక్కువ పని చేస్తుంది. మొన్న వేసవిలో నా హ్యాండిలుకు చుట్టిన టేపు ఊడదీస్తే, బ్రేకు పట్టీ బిగించిన చోట అల్యూమినియం మీద సున్నంలాంటి తెల్లటి పొడి పేరుకుని ఉంది. గోరుతో గీకితే పొడి రాలి, అడుగున గింజంత గుంట కనిపించింది. పైకి చూస్తే ఇంకా చక్కగా మెరుస్తున్న హ్యాండిలు, ధర పెట్టి కొన్నదే, తూకంలో గ్రాము కూడా తేడా లేదు. కొత్తది, పాతదాని కంటే అరవై గ్రాములు ఎక్కువ తూగేది, వేయించాను. పాతది అక్కడే వదిలి వస్తే ఏదో ఒక పిల్లవాడి సైకిలుకు ఎక్కుతుందని తెలుసు గనుక, షాపు కుర్రాణ్ణి రంపం అడిగి దాన్ని నడిమికి కోయించి, రెండు ముక్కలుగా పాత ఇనప సామాన్ల సంచిలో వేసి వచ్చాను.